కడపబండల తొట్టి అడుక్కు వెలుతురు

నా పనేందని ఎవరన్నా అడిగితే లైట్లు పెడతానని చెప్పేవాణ్ణి. ఇంటికి వైరింగు చేసేవాళ్ళు వేరే, నేను వేరే. ఒక వస్తువు మీద వెలుతురు ఏ పక్క నుంచి పడాల, ఎంత పడాల, ఏ రంగులో పడాల, అదీ నా పని. మొదట కడపలో చీరల అంగళ్ళకు పెట్టినాను. తర్వాత కర్నూలుకు వచ్చి నగల అంగళ్ళకూ మిఠాయి అంగళ్ళకూ పెట్టినాను. చివరి పన్నెండేండ్లు చేపల తొట్లకు, అందులోనూ సముద్రపు నీళ్ళ తొట్లకు పెట్టినాను. సముద్రం మొహం చూడని ఊర్లో సముద్రపు తొట్లేంది అని నవ్వొద్దు. డాక్టర్ల ఇండ్లల్లో, హోటళ్ళలో, కొత్తగా కట్టిన మేడల్లో శానానే ఉండాయి.

ఇప్పుడు నా మోకాళ్ళు నిచ్చెన ఎక్కనీయవు. కల్లూరులో ఇంటి ముందర కుర్చీ వేసుకొని కూచుంటాను. ఈ పని నేర్చుకుంటామని పిల్లలు ఫోన్లు చేస్తారు. అందరూ అడిగేది ఒకటే మాట, "ఏ లైటు కొనాల సార్?" అని. ఆ మాటకు జవాబు రెండు నిమిషాల పని. కొనే ముందర ఏం చూడాలో తెలుసుకోవడానికి మాత్రం నాకు ముప్ఫై ఏండ్లు పట్టింది. ఫోన్లో చెప్పి చెప్పి నోరు ఎండిపోయి, ఇట్లా రాసి పెడదామని కూచున్నాను.

ఎక్కువ కథలు చెప్పను. ఒక్క తొట్టి కథ చెప్తాను. మధ్యలో నా పాత తప్పులు రెండు వస్తాయి, అవి లేకుంటే ఇది అర్థం కాదు.

ఓబులేసు మేస్త్రి గడప దాటించినాడు

కడపలో నాకు పని నేర్పింది ఓబులేసు మేస్త్రి. నోరు మంచిది కాదు, చెయ్యి మంచిది. ఒకసారి చీరల అంగట్లో నేనే సొంతంగా లైట్లు పెట్టినాను. పసుప్పచ్చ బల్బులు వేస్తే అంగడంతా పెండ్లిండ్ల కళ వచ్చింది. ఓనరు నా భుజం తట్టినాడు. నాకు గర్వం తలకెక్కింది.

మూడో రోజు ఒకామె చీర పట్టుకొని వచ్చి గల్లా మీద పడేసింది. "ఈడ చూస్తే నెమలికంఠం రంగు, ఇంటికి పోతే చెరువు పాచి రంగు. మీ అంగట్లో ఏం మాయ ఉండాది?" అని కేకలేసింది. ఓనరు నా దిక్కు చూసినాడు, నేను మేస్త్రి దిక్కు చూసినాను.

మేస్త్రి ఆ చీర తీసుకొని, నా చెయ్యి పట్టుకొని, అందరి ముందరా గడప దాటించి ఎండలో నిలబెట్టినాడు. "ఇప్పుడు చూడ్రా ఖాదరూ. నీ కన్ను ఉండాదే, అది లైటు ఏం చెప్తే అదే నమ్ముతాది. దాన్ని అడిగి లైటు పెట్టొద్దు. ఆ వస్తువుకేం కావాలో దాన్ని అడుగు" అన్నాడు. అందరి ముందరా తిట్టినందుకు నాకు ఏడుపొచ్చింది. ఆ మాట మాత్రం బుర్రలో ఉండిపోయింది. ఉండిపోయిందనే అనుకున్నాను. ఇరవై ఐదేండ్ల తర్వాత సుబ్బయ్య శెట్టి తొట్టి ముందర నిలబడినప్పుడు గానీ, అది ఎప్పుడో జారిపోయిందని తెలియలేదు.

శెట్టి కట్టించిన తొట్టి

సుబ్బయ్య శెట్టిది వేంపల్లె. కర్నూలుకు వచ్చి శనగల వ్యాపారంలో నిలదొక్కుకున్నాడు. కల్లూరులో ఆయనకు పెద్ద గోడౌను ఉంది. కూతురు లలిత చేపల చదువు చదివి, కోస్తాలో కొన్నేండ్లు ఉద్యోగం చేసి వచ్చింది. వచ్చి, గోడౌనులో సగం నాకు ఇయ్యి నాయనా, పగడాలు పెంచి తొట్లు పెట్టుకునేవాళ్ళకు అమ్ముతానని అడిగింది.

పగడం అనంగానే ఉంగరంలో పెట్టేది అనుకోవద్దు. ఇది ప్రాణమున్న జంతువు. సముద్రంలో విరిచి తెచ్చినవాటిని తాకనే కూడదు, చట్టం ఒప్పుకోదు, మనసూ ఒప్పుకోకూడదు. లలిత దగ్గరున్నది తొట్టిలోనే పుట్టి పెరిగిన మెత్తటి జాతి, కాగితాలున్నది. తోలులాంటి కాడ మీద గొడుగులాంటి తల. ఆ గొడుగు మీద సన్నని వేళ్ళు వేలకు వేలు విచ్చుకుంటాయి. దాన్ని గొడుగు పగడం అంటాము. ఆరేండ్ల కింద బొటనవేలంత ముక్కను తెచ్చి సాకింది ఆ పాప. నేను చూసేటప్పటికి అన్నం పళ్ళెమంత ఉంది. దాని అంచు కోసి ముక్కలు నాటితే ఒక్కో ముక్కా ఒక్కో పగడమవుతుంది. ఆ పాప పనికంతా అదే తల్లి చెట్టు.

శెట్టికి ఇదంతా తల మీద నుంచి పోయేది. "మన బోరు నీళ్ళు ఎట్లా ఉప్పే కదమ్మా, అవే పోసేయ్" అనేవాడు. అయినా కూతురు అడిగింది కదా అని ఎవరికీ చెప్పకుండా ఎర్రగుంట్ల పోయి, క్వారీలో ఒక్కో కడపబండను తట్టి చూసి ఏరి, నున్నగా సాన పట్టించి తెచ్చినాడు. తాపీ మేస్త్రిని పెట్టి, పాతకాలపు ఇండ్లల్లో నీళ్ళ తొట్టి కట్టినట్టు మూడు పక్కలా నల్లటి బండలు, ముందర ఒక్క అద్దం పెట్టి నాలుగడుగుల లోతున కట్టించినాడు. కూతుర్ని ఒక్క మాట అడగలేదు. "నా బిడ్డ తొట్టి అంటే చూసినోళ్ళు అబ్బా అనాల" అని ఆయన లెక్క. ఆమె తన పగడాన్ని తెచ్చి అడుగున బండ మెట్టు మీద నాటింది. అది వేరు పట్టినట్టు బండను కరుచుకుంది.

అప్పటి నుంచి అది చిక్కిపోవడం మొదలైంది. పగడం ఒంట్లో కంటికి కనపడని నాచు ఉంటుంది. వెలుతురు పడితే అదే వంట చేసి పగడానికి తిండి పెడుతుంది. వెలుతురు లేకుంటే పస్తే. నీడన పడిన మిరప నారు సాగినట్టు దాని కాడ సాగింది, తల పక్కకు వాలింది, రంగు బురద మాదిరి అయింది. పెరికి పైన పెడదామంటే కాడ కొయ్యాల, ఆ బలహీనంలో కోస్తే చచ్చిపోతుంది.

నన్ను పిలిపించింది దీపావళి అయినాక. శెట్టి తొట్టి ముందర నిలబడి చెప్పినాడు, "ఖాదరప్పా, కొత్త శనగ దిగేదాకా చూస్తా. అప్పటికి ఇది తేరుకుంటే సరి. ల్యాకుంటే తొట్టి పగలగొట్టి మూటలు ఏసుకుంటా. ఈ పాప కూడా వచ్చి అంగట్లో కూచుంటాది. ఎన్నేండ్లని నీళ్ళతో ఆడుకుంటాది?"

లలిత అద్దానికి చెయ్యి ఆనించి పగడం దిక్కే చూస్తా ఉంది. దాని ప్రాణం పోతే తన పని పోతుందని ఆ పాపకు తెలుసు, నాకూ తెలుసు.

నేను చేసిన తప్పులు

మొదటి రోజే ఆరు ఫ్లడ్ లైట్లు బిగించినాను. చీరల అంగళ్ళకు పెట్టేవే, వెడల్పుగా వెలుతురు పరిచేవి. గోడౌను తెల్లవారినట్టయింది. శెట్టి మొహం వెలిగిపోయింది, "అద్ది! ఇప్పుడు కనపడుతాండాది తొట్టి!" అన్నాడు. నా దగ్గరున్న మీటరు పెట్టి చూస్తే బ్రహ్మాండంగా చూపించింది. ఆ మీటరు మనిషి కంటికి ఎంత వెలుతురో చెప్పే మీటరని, పగడానికి కన్ను లేదని నాకు ఆరోజు తోచలేదు.

నెల రోజులైనా పగడం లేవలేదు. పైపెచ్చు తొట్టి పైభాగంలో బండలకు పచ్చటి పాచి పట్టింది. అంటే వెలుతురంతా పైనే ఆగిపోతా ఉంది. నేనేం చేసినాను? ఇంకో రెండు లైట్లు పెట్టినాను. నీళ్ళు వేడెక్కినాయి. చేపలు పైకొచ్చి నోర్లు తెరిచినాయి. మన సీమలో ఎండాకాలం గోడౌను ఎట్లుంటుందో మీకు చెప్పనక్కరలేదు, ఆ ఎనిమిది లైట్లతో వేసవికాలం చూసి ఉంటే అందులో చారే కాగేది. వెలుతురు చాలలేదనంగానే లైట్లు పెంచేవాడు లైట్లు అమ్ముకునేవాడు. లైట్లు పెట్టేవాడు ఉన్న వెలుతురు యాడ పోతాందో ముందు వెతకాల.

లలిత తన పాత ఆఫీసులో తెలిసినామెను అడిగి నీళ్ళలో ముంచే మీటరు తెప్పించింది. ఇది పగడానికి పనికొచ్చే వెలుతురును కొలుస్తుంది. ముంచి చూస్తే పైనున్న దాంట్లో పదో వంతు కూడా అడుక్కు చేరలేదు.  తొట్టి మీద కప్పిన అద్దాన్ని తుండుగుడ్డతో తుడిచినాను. గుడ్డకు తెల్లగా ఉప్పు అంటుకుంది. నీళ్ళు చిట్లి ఆరి ఆరి ఉప్పు పొర కట్టి ఉంది, నెల రోజులు నేను చూడనే లేదు.

రంగు సంగతి కూడా చెప్తాను. సముద్రంలో లోతుకు పోయే కొద్దీ ఎరుపు ఆగిపోతుంది, నీలమే అడుక్కు దిగుతుంది. అందుకే లోతులో బతికే పగడాలకు నీలం లైటే కూడు. మన కంటికి మాత్రం మసక మసకగా కనపడుతుంది. లలిత నీలం పెట్టమంది. పెట్టి చూపిస్తే శెట్టి, "ఏమప్పా, ఇది తొట్టా, పెండ్లి స్టేజీనా? తియ్, తెల్లయి పెట్టు" అన్నాడు. తీసేసినాను. ఇంటి పెద్దాయన మాట కదా అని. పగడం కోసం పెట్టే లైటును శెట్టి కన్ను అడిగి పెట్టినాను. ఓబులేసు మేస్త్రి బతికుంటే మళ్ళీ గడప దాటించేవాడు.

ఇంకా పెద్ద సంగతి బండలు. నల్లటి కడపబండ వెలుతురును మింగేస్తుంది. నా ఫ్లడ్ లైట్లు వెలుతురును వెడల్పుగా పరుస్తాయి. అది మూడు పక్కలా బండలకు తగిలి ఆడనే పోతుంది. లోతు తక్కువైతే గడిచిపోయేది. నాలుగడుగుల లోతు, చుట్టూ నలుపు, ఇంక అడుక్కు మిగిలేదేంది?

ఆ మాట లలితతో అన్నాను. ఆ పాపకు ముందే తెలుసు. తెలిసీ చెప్పలేదు.

"మామా, నీకు దండం పెడతా, నాయనకు చెప్పొద్దు" అంది. "నా చదువు ఆయనకిష్టం లేదు. ఉద్యోగానికి పోతాంటే స్టేషనుకు కూడా రాలేదు. నా పని కోసం ఆయన చేతులారా చేసింది ఇదొక్కటే. నీ తొట్టే దీన్ని చంపుతాందని ఎట్ల చెప్పేది?"

 ఇంటికి వచ్చి అన్నం ముందర కూచుంటే ముద్ద దిగలేదు.

ముత్యాల మాదిరి ఉండాయి అన్నామె

ముద్ద దిగకపోవడానికి పాత కారణం ఒకటుంది. సముద్రపు తొట్ల పనికి వచ్చిన కొత్తలో కర్నూలులో ఒక పెద్దామె ఇంట్లో లైట్లు మార్చినాను. పాత లైటు మసకది, కొత్తది శానా బలమైంది. బిగించిన రోజే పూర్తిగా వేసేసి వచ్చినాను. వారం తర్వాత పోతే పగడాలన్నీ తెల్లగా పాలిపోయి ఉన్నాయి. ఎండదెబ్బ తగిలినట్టు ఒంట్లో ఉన్న నాచునంతా కక్కేసినాయి. అట్ల తెల్లబడినాయంటే చావుకు దగ్గర పడినట్టే.

ఆమె మాత్రం సంబరంగా ఎదురొచ్చింది. "రాప్పా ఖాదరూ, నీ లైటు మహిమ! చూడు, ముత్యాల మాదిరి ఎంత తెల్లగా ఉండాయో" అని నాకు కాఫీ ఇచ్చింది. నేను కాఫీ తాగినాను. బాగుండాయమ్మా అన్నాను. లైటు కొంచెం తగ్గించి, ఏమీ చెప్పకుండా బయటపడినాను. అప్పుడే నిజం చెప్పి ఉంటే నీడ కట్టి కొన్నిటినన్నా మిగిలించుకునేవాళ్ళం. పది రోజులకు ఒక్కటీ మిగల్లేదు. ఆమె నన్ను ఒక్క మాట అనలేదు, తన చేతే మంచిది కాదనుకుంది.

ఆ కాఫీ చేదు ఇప్పటికీ నా నాలిక మీద ఉంది. తప్పు అందరూ చేస్తారు. తప్పు తెలిసినాక నోరు మూసుకున్నవాడు మాత్రం ఈ పనికి పనికిరాడు. మరుసటి రోజు శెట్టి గోడౌనులో ఉండే టైము చూసుకొని పోయినాను.

అద్దం

సాయంత్రం నాలుగైంది. గోడౌనులో శెట్టి ఒక్కడే ఉన్నాడనుకొని మొదలుపెట్టినాను. లలిత లోపల ఉప్పునీళ్ళు కలుపుతా ఉంది, నాకు తెలియదు.

"శెట్టిగారూ, ముందు నా తప్పు చెప్తా. లైట్లు తప్పువి పెట్టినా. ఇంకోటి కూడా ఉండాది. తొట్టి లోతెక్కువ, బండలు నలుపు. వెలుతురంతా బండలే తాగుతాండాయి" అన్నాను.

శెట్టి మొహం ఎర్రగా అయిపోయింది. "అంటే నా బండలది తప్పా? మూడు తరాల నుంచి మా ఇండ్లల్లో ఈ బండల తొట్లే. నీళ్ళు చల్లగా ఉంటాయి, పగలవు, కారవు. నీకు చేతగాక నా బండల మీద పడతాండావా?"

ఈలోపల లలిత చేతులు తుడుచుకుంటా బయటికొచ్చింది. "నాయనా, ఖాదర్ మామను ఏమీ అనొద్దు. ఆయన చెప్పేది నిజమే. నాకు మొదటి రోజు నుంచీ తెలుసు" అంది.

శెట్టి ముక్కాలి పీట మీద కూలబడినాడు. మెల్లగా అడిగినాడు, "తెలిసి యాల చెప్పలేదమ్మా?"

"నువ్వు సంతోషంగా ఉండావు కదా నాయనా" అంది.

ఆయన తల వంచుకున్నాడు.  పోదామా ఉందామా అని నేను సందేహంలో ఉంటే, తనలో తాను గొణుక్కున్నాడు. "మా పెరటి బావి పది నిలువుల లోతు. లోపలంతా నల్ల బండే. బిందె పడితే పైనుంచి దివిటీ పట్టినా, టార్చి పట్టినా ఏమీ కనపడదు. మా నాయన ఏం చేసేటోడు..."

లేచినాడు. హమాలీలు తల దువ్వుకునే అద్దం మేకుకు వేలాడుతుంటే తీసుకున్నాడు. గోడౌనుకు పడమటి పక్క ఎత్తున ఒక కిటికీ ఉంది, అందులోంచి పొద్దు ఏటవాలుగా పడుతుంది ఆ టైముకు. శెట్టి పాత శనగ మూట ఒకటి తొట్టి దగ్గరికి లాగి దాని మీదికెక్కినాడు.

"పడతావు నాయనా!" అని లలిత పరుగెత్తింది.

"నువ్వు గమ్మునుండు. ఖాదరప్పా, నీ లైట్లన్నీ ఆర్పెయ్. ఆ పైన అద్దం తీసి పక్కన పెట్టు."

ఆర్పినాను, తీసినాను. శెట్టి చేతిలో ఉన్న అద్దాన్ని ఎండకు అడ్డం పెట్టి నీళ్ళ మీదికి వంచినాడు. అరచెయ్యంత వెలుతురు ముక్క బండ మీద పడింది, వణికింది, జారుకుంటా కిందికి దిగింది. నాలుగడుగులూ దిగింది. పగడం తల మీద పోయి నిలిచింది.

నేను రెండు నెలలుగా బురద రంగు అనుకున్నది ఆకుపచ్చగా మెరిసింది. ఇంకా పచ్చదనం ఉంది దాంట్లో. ఇంకా ప్రాణం ఉంది. లలిత నోటికి చెయ్యి అడ్డం పెట్టుకొని ఏడ్చేసింది.

"ఇట్లనే పట్టేటోడు మా నాయన" అన్నాడు శెట్టి మూట మీద నుంచే. "ఎండను సన్నంగా చేసి నిలువునా పంపేది. బిందె మూతి తళుక్కుమనేది. ఎక్కువ వెలుతురు పనికిరాదప్పా బావికి, నిలువు వెలుతురు కావాల."

ఓరి నా బుద్ధి మండా అనుకున్నాను. నగల అంగట్లో ఒక్క హారం మీదికి సన్నని లైటు కొట్టినవాణ్ణి నేనే. బయటికి ఒక్క పిసరు పోకుండా లెన్సు బిగించి నిలువునా దించినవాణ్ణి నేనే. తొట్టి అనంగానే అదంతా మరిచిపోయి, చీరలు పరిచినట్టు వెలుతురు పరుస్తా కూచున్నాను. లైట్ల గురించి ఏమీ తెలియని శనగల వ్యాపారి తల దువ్వుకునే అద్దంతో నాకు పాఠం చెప్పినాడు. సిగ్గూ పడినాను, సంతోషమూ పడినాను. సంతోషమే ఎక్కువ.

నిమ్మళంగా

ఎనిమిది ఫ్లడ్ లైట్లూ విప్పేసినాను. వాటి బదులు సన్న లెన్సులున్నవి నాలుగు, పగడానికి నిట్టనిలువునా పైన వేలాడదీసినాను. నీలం ఎక్కువ, తెలుపు కొంచెం. పైన కప్పిన అద్దం తీసేసి, చేపలు ఎగిరి పడకుండా వల కట్టినాము. పగడం చుట్టూ బండ మెట్టు మీద తెల్ల ఇసుక పోసింది లలిత, కిందికి పడిన వెలుతురు కొంచెమన్నా పైకి లేచి గొడుగు కింది భాగానికి తగలడానికి. లైట్లు సగమైనాయి, వేడి తగ్గింది, మీటరు ముంచితే అడుగున ముందుకంటే ఎన్నో రెట్లు చూపించింది. గోడౌను మాత్రం చీకటి కొట్టు మాదిరి ఉంది. శెట్టి చూసి, "పెండ్లి స్టేజీనే. కానీ పెండ్లి మనది కాదు కదా, దానిది" అన్నాడు పగడాన్ని చూపించి.

మొదటి రోజే పూర్తిగా వేయలేదు. ముత్యాలు నేర్పిన పాఠం అది. జ్వరంతో నెల రోజులు మంచాన పడినవాణ్ణి లేపి మిట్టమధ్యాన్నం ఎండలో నిలబెట్టరు కదా. నాలుగోవంతుతో మొదలుపెట్టి, వారానికి కొంచెం కొంచెంగా పెంచినాను. శెట్టికి ఓపిక తక్కువ, రోజూ ఫోన్ చేసి "ఇంకా పెంచరాదా?" అనేవాడు. పెంచను అని పెట్టేసేవాణ్ణి. ఇల్లు ఆయనది కావచ్చు, లైటు మీద చెయ్యి నాది.

కాడ గట్టిపడింది. వాలిన తల లేచింది. ఇంక గెలిచినాము అనుకుంటుండగా ఒక పొద్దున లలిత ఫోన్ చేసింది. పగడం ముడుచుకుపోయింది. వేళ్ళన్నీ లోపలికి పోయి, తల మీద బూడిద రంగు పొర కమ్మింది.

పరుగెత్తినాను.  మళ్ళీ చంపినానా? మళ్ళీ ఎక్కువ పెట్టినానా? చెయ్యి వెలుతురు తగ్గించే డిమ్మర్ మీదికి పోయింది.

"వద్దు మామా" అంది లలిత.  "ఇది చావడం కాదు, పొర విడవడం. ఈ జాతికి అలవాటు, పాము కుబుసం విడిచినట్టు. పెరిగే ముందర ఇట్ల చేస్తాది. లైటు కదిలించొద్దు. నీళ్ళు మాత్రం దాని మీద కొంచెం గట్టిగా పారనీ."

"ఖాయంగా తెలుసా పాపా?"

"ఆరేండ్లలో నాలుగుసార్లు చూసినా. ఇంత గట్టిగా ముడుచుకోవడం ఎప్పుడూ చూడలా. అయినా లైటు ముట్టొద్దు."

అప్పటికే కొత్త శనగ దిగుతా ఉంది. రెండు రోజులకు లారీ వచ్చి గోడౌను ముందర నిలబడింది. శెట్టి వచ్చినాడు. తొట్టి దగ్గరికి పోయి ఆ బూడిద ముద్దను చూసినాడు. హమాలీలు మూటలు యాడ దించాలని అడుగుతా ఉన్నారు. గోడౌనులో మిగిలిన జాగా తొట్టి ఉన్న సగమే.

నేను ఏదో చెప్పబోతే చెయ్యి ఎత్తి ఆపినాడు. కూతుర్నే అడిగినాడు. "బతికి ఉండాదా అమ్మా?"

"ఉండాది నాయనా."

"నువ్వు చెప్తాండావా, ఖాదరు చెప్తాండాడా?"

"నేను చెప్తాండా."

శెట్టి బయటికి పోయి హమాలీలతో అన్నాడు, "వాకిట్లో దించండి. టార్పాలిన్ కప్పండి." ఎనిమిది రోజులు ఆ మూటలు వాకిట్లోనే ఉన్నాయి. మబ్బు పట్టినప్పుడల్లా ఆయన ఆకాశం దిక్కు చూసేవాడు, మాట మాత్రం అనలేదు. వ్యాపారస్తుడు సరుకును ఆరుబయట పెట్టి గమ్మునున్నాడంటే అదెంత పనో వ్యాపారం చేసినవాళ్ళకు తెలుస్తుంది.

తొమ్మిదో పొద్దు నేను పోయేటప్పటికి తండ్రీ కూతురూ ఇద్దరూ అద్దం ముందర నేల మీద కూచొని ఉన్నారు. నీళ్ళ పారుదలకు ఆ పొర అంచు లేచింది. ఉల్లిపొర మాదిరి ముక్కలు ముక్కలుగా ఊడి తేలిపోయింది. కింద కొత్త తోలు, లేత ఆకుపచ్చ. మధ్యాన్నానికి ఒక్కో వేలూ బయటికొచ్చింది. లలిత నవ్వుతా నా చెయ్యి పట్టుకొని గుంజి కింద కూచోబెట్టింది. నా మోకాళ్ళు అబ్బా అన్నా నేను లేవలేదు.

ఇంక మీకు

ఇప్పుడు అడగండి ఏ లైటు కొనాలో. ముందు మీటరు ముంచండి, మీ కన్ను చెప్పేది నమ్మొద్దు. తొట్టి ఎంత లోతో, గోడలు ఏ రంగో, పైన ఏం కప్పినారో చూడండి. లోతైతే సన్న లెన్సు, నిలువు వెలుతురు, నీలం ఎక్కువ. కొన్న లైటును మొదటి రోజే పూర్తిగా వేయొద్దు. యజమాని మెచ్చుకుంటే సంతోషించండి గానీ, అది చూసి పని అయిపోయిందనుకోవద్దు. తప్పు జరిగితే ఆ రోజే చెప్పండి, తిట్లు పడితే పడండి. తొట్టి పక్కన దాన్ని సాకిన మనిషి ఉంటే, వాళ్ళ మాట మీ మీటరు కంటే ముందు వినండి. నేను విన్నాను కాబట్టి ఆ రోజు డిమ్మర్ ముట్టలేదు. ముట్టి ఉంటే ఏమయ్యేదో తలుచుకోవడం కూడా నాకిష్టం లేదు.

ఆ వేసవికే లలిత తల్లి పగడం అంచు కోసి మొదటి ముక్కలు నాటింది. అన్నీ పట్టినాయి. తొట్టిలో జాగా చాలక ఇంకోటి కట్టాల్సి వచ్చింది. లైట్ల కోసం నన్ను రమ్మంటే పోయినాను, అదే నా చివరి పని. వాకిట్లో కొత్త బండలు దించి ఉన్నాయి. నల్లవి కాదు, బేతంచెర్ల తెల్లబండలు. శెట్టే పోయి తెచ్చినాడంట. తాపీ మేస్త్రి దారం పట్టుకొని నిలబడి ఉన్నాడు. నేను వచ్చింది శెట్టి చూసినాడు గానీ నా దగ్గరికి రాలేదు. బొగ్గుముక్క చేతిలో పట్టుకొని కూతురి దిక్కు తిరిగినాడు.

"ఎంత లోతు పెట్టమంటావమ్మా?"

లలిత మోకాలికి కొంచెం పైన చెయ్యి పెట్టి చూపించింది. శెట్టి వంగి, నిలబెట్టిన బండ మీద సరిగ్గా ఆ ఎత్తుకే గీత గీసినాడు.